చేతిలో బలం ఉంది, అయినా గ్లాసు ఎందుకు జారిపోతోంది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నాన్నగారికి పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. మొదట్లో పూర్తిగా పడిపోయిన కుడిచెయ్యి మెల్లగా తేరుకుంది. ఇప్పుడు పిడికిలి గట్టిగానే బిగిస్తున్నారు, మోచెయ్యి వంచుతున్నారు, వేళ్లు చాపుతున్నారు. కానీ నీళ్ల గ్లాసు పట్టుకుంటే, దాని వైపు చూస్తున్నంతసేపే చేతిలో ఉంటోంది. తల తిప్పి ఎవరితోనైనా మాట్లాడారంటే జారిపోతోంది. ‘‘మెదడు ఆజ్ఞ ఇస్తుంది, నరం మోసుకెళ్తుంది, కండరం కదులుతుంది అని చదువుకున్నాం. ఆజ్ఞ వెళ్తోంది, కండరం కదులుతోంది. మరి లోపం ఎక్కడుంది? రోజూ మెత్తటి బంతి నొక్కిస్తున్నాం, ఇంకా ఎక్కువసేపు నొక్కించాలా?’’ అని అడిగారు.

ఇరవై ఏళ్లకు పైగా ఫిజియోథెరపీ చేస్తున్నాను, ఎక్కువ కాలం పక్షవాతం వచ్చినవాళ్లతోనే గడిపాను. మనిషిని చూడకుండా ఇదే కారణమని తేల్చి చెప్పడం సరికాదు. అయితే మీరు రాసిన లక్షణం నాకు బాగా తెలిసినది. బంతి ఎంతసేపు నొక్కించినా ఇది తీరకపోవచ్చు. మెదడు నుంచి చేతికి మాట వెళ్తోంది. చేతి నుంచి మెదడుకు కబురు తిరిగి రావడం లేదు, లేదా అరకొరగా వస్తోంది. మనం బళ్లో చదివిన పాఠంలో ఈ రెండో సగం ఒక్క వాక్యంలో అయిపోతుంది. నిజానికి కదలికకు ప్రాణం అక్కడే ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆజ్ఞ వెళ్లే దారి చూద్దాం. ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా నడినెత్తి మీదుగా రిబ్బను కట్టుకున్నట్టు ఊహించుకోండి. దాదాపు ఆ రిబ్బను కింద, మెదడు పైపొరలో, కదలికలకు సంబంధించిన పట్టీ ఉంటుంది. 1870లో జర్మనీలో ఫ్రిట్ష్, హిట్జిగ్ అనే ఇద్దరు వైద్యులు కుక్క మెదడులో ఇలాంటి చోట సన్నటి కరెంటు తగిలిస్తే రెండో పక్క కాళ్లు కదలడం గమనించారు. మనిషిలో ఈ పట్టీ మీద నడుముకీ తొడకీ ఉన్న చోటు తక్కువ. చేతివేళ్లకూ పెదవులకూ నాలుకకూ ఉన్న చోటు చాలా ఎక్కువ. ఎంత నాజూకైన పనో అంత జాగా.

అక్కడి నుంచీ, దాని చుట్టుపక్కల భాగాల నుంచీ ఒక్కో వైపు సుమారు పది లక్షల నరాల పోగులు కిందికి దిగుతాయి. మెదడు కాండం అడుగున వాటిలో ఎక్కువ భాగం అటువి ఇటు, ఇటువి అటు దాటుకుంటాయి. మెదడు ఎడమవైపు దెబ్బ తగిలితే కుడిచెయ్యి పడిపోవడానికి కారణం ఈ దాటు. దాటిన పోగులు వెన్నుపాములోకి వస్తాయి. చేతికి సంబంధించినవి మెడ దగ్గరే ఆగి, అక్కడి చాలక నాడీకణాలకు కబురు అందిస్తాయి. మోటార్ న్యూరాన్లు అంటాం కదా, అవే ఇవి. ఒక్కో మోటార్ న్యూరాన్ నుంచి ఒక పొడవాటి పోగు బయల్దేరి నేరుగా కండరం దాకా వెళ్తుంది. పాదానికి వెళ్లేదైతే ఆ ఒక్క కణం పోగే సుమారు మీటరు పొడవుంటుంది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మెదడు ఏం తలచుకున్నా, వెన్నుపాము ఏం నిర్ణయించినా, చివరికి కండరానికి చేరేది ఈ మోటార్ న్యూరాన్ ద్వారానే. ఇంకో ద్వారం లేదు. ఇంగ్లండ్ శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్ దీన్ని ‘అందరికీ ఉమ్మడిగా ఉన్న చివరి దారి’ అన్నాడు. సంకల్పం, భయం, అలవాటు, ఉలికిపాటు అన్నీ ఈ ఒక్క గుమ్మం దగ్గరికే వచ్చి కలుస్తాయి. ఏ క్షణాన కండరం ఎంత బిగియాలో అక్కడ చేరిన అన్ని మాటల మొత్తాన్ని బట్టి తేలుతుంది.

ఒక మోటార్ న్యూరాన్ ఒక్క కండర పోగుకే పరిమితం కాదు. కంటిగుడ్డును తిప్పే కండరాల్లో ఒక్కోటి పది పదిహేను పోగులను నడిపితే, పిక్క కండరంలో వెయ్యికి పైగా పోగులను నడుపుతుంది. న్యూరాన్ ప్రేరేపితమైతే దాని కింది పోగులన్నీ ఒక్కసారిగా బిగుస్తాయి, సగం సగం బిగియడం ఉండదు. మరి కాగితాన్నీ బకెట్‌నీ అదే చేత్తో ఎలా పట్టుకుంటున్నాం? తక్కువ బలం చాలినప్పుడు చిన్న న్యూరాన్లు మాత్రమే పనిలోకి దిగుతాయి. అవసరం పెరిగేకొద్దీ పెద్దవి వచ్చి చేరతాయి. దిగినవి సెకనుకు ఎన్నిసార్లు సంకేతం పంపాలన్నదీ పెరుగుతుంది. చిన్నవి ముందు, పెద్దవి తర్వాత అన్న ఈ వరసను 20వ శతాబ్దం మధ్యలో ఎల్వుడ్ హెన్నెమన్ నిరూపించాడు. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవాళ్లకు రెండు మూడు వారాల్లోనే బలం పెరిగినట్టు అనిపిస్తుంది, కండరం మాత్రం పెద్దగా పెరగదు. ఆ తొలి లాభంలో ఎక్కువ భాగం నరాలది, ఉన్న పోగులనే బాగా వాడుకోవడం నేర్చుకోవడం వల్ల వచ్చింది.

నరం కండరాన్ని కలిసే చోట కరెంటు నేరుగా దూకదు. నరం చివర అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా లేని సందు దాటి కండరాన్ని తాకుతుంది. నరాలు ఇలా రసాయనంతో మాట్లాడతాయని 1921లో ఆటో లోవి కప్ప గుండెల మీద ప్రయోగం చేసి చూపించాడు. కండరం లోపల అప్పుడు కాల్షియం విడుదలవుతుంది. ఆక్టిన్, మయోసిన్ అనే సన్నటి పోగులు ఒకదాని మీదుగా ఒకటి జారతాయి. తాడు లాగేవాళ్లు చేతులు మార్చి మార్చి పట్టుకుని లాగుతారు చూశారా, మయోసిన్ తలలు ఆక్టిన్‌ను అలాగే లాగుతాయి. ఈ సన్నటి పోగుల పొడవు తగ్గదు, ఒకదానిలోకి ఒకటి జారి కండరం పొట్టిదవుతుంది. 1954లో రెండు బృందాలు విడివిడిగా ఈ సంగతి కనుక్కుని ఒకే పత్రిక సంచికలో ప్రకటించాయి. పట్టు వదలడానికి కూడా శక్తి కావాలి. ప్రాణం పోయాక శరీరం కొయ్యబారడం అందుకే, విడిపించే శక్తి అక్కడ మిగలదు.

కండరం లాగగలదు గానీ నెట్టలేదు. అందుకే మోచెయ్యి వంచడానికి ముందువైపు ఒకటి, చాపడానికి వెనకవైపు ఒకటి. ఒకటి బిగిసేటప్పుడు రెండోదాన్ని వదులుగా ఉండమని వెన్నుపామే చెబుతుంది, మెదడు ఆ వివరాల్లోకి దిగనక్కర్లేదు.

పాఠ్యపుస్తకం చెప్పే దారి సాధారణంగా ఇక్కడితో అయిపోతుంది. మీ నాన్నగారి విషయంలో ఈ దారి చాలావరకు తెరుచుకుంది. పిడికిలి బిగుస్తోందంటే పైనుంచి కింది దాకా మాట చేరుతున్నట్టే.

ఇప్పుడు తిరుగు దారి. మీరొక పని చేయండి. కళ్లు మూసుకుని, చెయ్యి పక్కకు చాపి, చూపుడువేలితో ముక్కు కొసను ముట్టుకోండి. తడుముకోకుండా ముట్టుకున్నారు కదా. చెయ్యి ఎక్కడుందో, మోచెయ్యి ఎంత వంగిందో చూడకుండా ఎలా తెలిసింది? ఈ తెలివిడికి మన భాషలో వాడుకలో ఉన్న పేరు లేదు. పంచేంద్రియాల లెక్కలో దానికి చోటు లేదు. నేను రోగులకు ‘ఒంటి ఎరుక’ అని చెబుతుంటాను.

ఆ ఎరుకకు ముఖ్య ఆధారం కండరం లోపలే ఉంది. మామూలు పోగుల మధ్య, వాటికి సమాంతరంగా, కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే సన్నటి కదురు ఆకారపు తొడుగులు ఉంటాయి. వాటి నడుముకు నరం కొస స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. కండరం సాగితే కదురు సాగుతుంది, స్ప్రింగు విచ్చుకుంటుంది, ‘ఇంత పొడవైంది, ఇంత వేగంగా సాగుతోంది’ అన్న కబురు వెన్నుపాముకు పోతుంది. ఇవి కదలిక కబురు మోసేవేనని 1894లో తేల్చింది కూడా షెరింగ్టనే. ఆయన కనుక్కున్న ఇంకో సంగతి చదివిన రోజు నుంచి నా వృత్తిని నేను చూసే తీరే మారిపోయింది. కండరానికి వెళ్లే నరాన్ని తీసుకుంటే, అందులో మూడోవంతు నుంచి సగం దాకా పోగులు ఆజ్ఞలు మోసేవే కావు, కబురు తెచ్చేవి. కదిలించడానికే ఉందనుకున్న నరంలో అంత వాటా తెలుసుకోవడానికి పోయింది.

కండరం పొట్టిదైనప్పుడు లోపలి కదురు వదులైపోయి మూగబోవాలి కదా అని మీకు సందేహం రావచ్చు. అలా కాకుండా కదురు రెండు కొసల్లోనూ చిన్న కండర పోగులున్నాయి, వాటికి వేరే సన్నటి మోటార్ న్యూరాన్లున్నాయి. అసలు కండరానికి ఆజ్ఞ పోయినప్పుడే వీటికీ పోతుంది, కదురు మళ్లీ బిగువుగా అవుతుంది. వీణ తీగను ఎప్పటికప్పుడు శ్రుతి చేసుకున్నట్టు, మెదడు తన వేగుల చెవులను తానే సరిచేస్తుంటుంది. కండరం ఎముకను పట్టుకునే స్నాయువు దగ్గర ఇంకో రకం గ్రాహకాలున్నాయి. అవి పొడవును పట్టించుకోవు, లాగుడు బలాన్ని కొలుస్తాయి. అరచేతి చర్మంలో అయితే ఒక్కో చేతికి సుమారు 17,000 స్పర్శ గ్రాహకాలున్నాయని అంచనా, అవి వేళ్ల కొసల్లో మరీ దట్టం.

డాక్టరు మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తట్టినప్పుడు కాలు ముందుకు ఎగరడం ఈ కదుర్ల పనే. తట్టగానే స్నాయువు లాగబడుతుంది, తొడ ముందు కండరం రవ్వంత సాగుతుంది, కబురు వెన్నుపాముకు చేరి అక్కడి నుంచే జవాబు తిరిగి వస్తుంది. తట్టిన సుమారు 20 మిల్లీసెకన్లకే తొడ కండరంలో జవాబు కనిపిస్తుంది. దీపం వెలగగానే మీట నొక్కమంటే ఎవరికైనా దాదాపు 200 మిల్లీసెకన్లు పడుతుంది. పదింతల తేడా. పైదాకా వెళ్లి వచ్చే వ్యవధి లేని పనులను వెన్నుపాము తనంతట తానే చక్కబెడుతుంది.

అలాగని మెదడుకు సంబంధం లేదనుకోకండి. రెండు చేతుల వేళ్లూ కొక్కేల్లా ఒకదానికొకటి తగిలించుకుని గట్టిగా లాగుతున్నప్పుడు తట్టి చూస్తే అదే మోకాలు ఇంకా గట్టిగా ఎగురుతుంది. పనిచేసేది వెన్నుపామే అయినా, ఎంత గట్టిగా పనిచేయాలో పైనుంచి అదుపు ఉంటుంది. పక్షవాతంలో ఆ అదుపు తెగుతుంది. మొదటి రోజుల్లో వేలాడిన చెయ్యి కొన్ని వారాల తర్వాత బిగుసుకుపోవడం చాలామందిలో చూస్తాం. ఆ బిగువులో ఒక భాగం అదుపు తప్పిన ఈ జవాబులదే. మీ నాన్నగారి చెయ్యి కూడా బిగుసుకుంటుంటే గబుక్కున లాగవద్దు. ఎంత వేగంగా సాగదీస్తే కదుర్లు అంత గట్టిగా ఎదురు తిరుగుతాయి. మెల్లగా సాగదీస్తే అదే చెయ్యి చాలావరకు వస్తుంది. కుటుంబ సభ్యులకు నేను మొదటిరోజే చేయి పట్టుకుని నేర్పేది ఇదే.

ఇప్పుడు గ్లాసు దగ్గరికి వద్దాం.

స్వీడన్‌లోని ఉమెయో విశ్వవిద్యాలయంలో రోలాండ్ యొహాన్సన్, ఆయన సహచరుడు వెస్ట్లింగ్ 1984లో ప్రచురించిన ప్రయోగాలున్నాయి. మనుషులు ఒక చిన్న వస్తువును బొటనవేలు, చూపుడువేలితో పట్టుకుని ఎత్తుతుంటే, వేళ్లు ఎంత బలంగా నొక్కుతున్నాయో కొలిచారు. వస్తువు జారిపోకుండా ఉండటానికి కనీసం ఎంత నొక్కాలో, దానికంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ నొక్కుతాం. నునుపుగా ఉంటే ఎక్కువ, గరుకుగా ఉంటే తక్కువ. వస్తువు రవ్వంత జారితే చర్మం ఆ సంగతి పట్టేసి, సుమారు 70 మిల్లీసెకన్లలో పట్టు బిగుస్తుంది. జారిందని మనకు తెలిసేలోపే సర్దుబాటు అయిపోతుంది. వేళ్లకు మత్తు ఇచ్చి అదే పని చేయించినప్పుడు ఈ సర్దుబాటు దెబ్బతింది, అవసరానికి మించి నొక్కడం మొదలుపెట్టారు. అప్పుడు కండరాలకు ఏమీ కాలేదు. తెలియకపోవడం ఒక్కటే అడ్డు.

మీ నాన్నగారు గ్లాసు చూస్తున్నప్పుడు వేళ్లు చెప్పాల్సిన కబురును కళ్లు చెబుతున్నాయి. చూపు మళ్లించగానే ఆ ఆసరా పోతుంది. పట్టు మెల్లగా సడలినా మెదడుకు తెలియదు. గ్లాసు జారుతోందని చర్మం చెప్పదు, వేళ్లు విచ్చుకున్నాయని కదుర్లు చెప్పవు. నేల మీద పడ్డ చప్పుడు విన్నాకే ఆయనకు తెలుస్తుంది. ఆయన ‘నేను వదల్లేదు, అదే పడిపోయింది’ అంటూ ఉండొచ్చు. నమ్మండి. ఆయన వైపు నుంచి చూస్తే అది అక్షరాలా నిజం. శ్రద్ధ పెట్టడం లేదని ఇంట్లోవాళ్లు విసుక్కోవడం, ఆయన చిన్నబుచ్చుకుని ఆ చెయ్యి వాడటమే మానేయడం నేను ఎన్ని ఇళ్లలో చూశానో.

ఒళ్లంతా ఈ ఎరుక పోయినవాళ్లు కూడా అరుదుగా ఉన్నారు. వైద్యులు చాలా దగ్గరగా గమనించిన ఒక బ్రిటిష్ వ్యక్తికి 1970ల్లో జ్వరం లాంటి జబ్బు తర్వాత మెడ నుంచి కిందికి స్పర్శ, ఒంటి ఎరుక పోయాయి. కండరాలకు వెళ్లే నరాలు బాగానే ఉన్నాయి. అయినా మొదట్లో కూర్చోలేకపోయాడు. ప్రతి కదలికనూ కళ్లతో చూస్తూ, మనసు పెట్టి ఆలోచిస్తూ నెలల తరబడి కష్టపడి నడక నేర్చుకున్నాడు. నడిచేటప్పుడు దీపం ఆరిపోతే మాత్రం నిలబడలేక పడిపోయేవాడు.

కబురు వస్తున్నా అది ఆలస్యంగానే వస్తుంది. మన నరాల్లో అతి వేగమైనవి సెకనుకు సుమారు 120 మీటర్లు మోస్తాయి, మొద్దు నొప్పిని మోసే సన్నటివి ఒకటి రెండు మీటర్లు మాత్రమే. దానికి మెదడు లోపలి లెక్కల సమయం కలపండి. కబురు అందాకే కదలాలంటే ఏ పనీ సాఫీగా సాగదు. అందుకే మెదడు ముందుగానే ఊహిస్తుంది. ఎడమ అరచేతిలో బరువైన పుస్తకం పెట్టుకుని, దాన్ని మీ కుడిచేత్తోనే తీసేయండి. ఎడమచెయ్యి దాదాపు కదలదు. అదే పుస్తకాన్ని వేరే ఎవరైనా చటుక్కున తీసేస్తే చెయ్యి పైకి లేస్తుంది. మీరే తీసేటప్పుడు బరువు తగ్గబోతోందని మెదడుకు ముందే తెలుసు, ఆ క్షణానికే ఎడమచేతి కండరాన్ని వదులు చేసింది. నిలబడి చెయ్యి చటుక్కున ముందుకు చాపినా ఇదే జరుగుతుంది. భుజం కండరం కంటే ముందే కాళ్లలోని కండరాలు బిగుస్తాయి, చెయ్యి కదిలాక ఒళ్లు ముందుకు తూలకుండా.

ఈ ఊహల్లో పెద్ద పాత్ర తల వెనక భాగంలో ఉన్న చిన్న మెదడుది. బరువులో మొత్తం మెదడులో పదోవంతే, కానీ మెదడులోని నాడీకణాల్లో దాదాపు ఐదింట నాలుగు వంతులు అక్కడే ఉన్నాయి. పంపిన ఆజ్ఞకూ వచ్చిన కబురుకూ తేడా ఎంతో చూసుకుని, మరుసటిసారికి ఊహను సరిచేసేది అదే. కబురే రాకపోతే సరిచేసుకోవడానికి దానికి ఆధారం ఉండదు. ఏ కదలిక మొదలుపెట్టాలి, దేన్ని ఆపాలి అన్నది మెదడు లోతుల్లోని వేరే కేంద్రాల పని. పార్కిన్సన్ జబ్బులో దెబ్బతినేవి అవి. మీ ప్రశ్నకు వాటితో పెద్దగా పని లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

ఇంతకంటే ముఖ్యమైన ఒక పాత ప్రయోగం చెప్పాలి. 1895లో మాట్, షెరింగ్టన్ కోతి చేతి నుంచి కబురు తెచ్చే నరాలను మాత్రం, అవి వెన్నుపామును చేరే మొదళ్ల దగ్గర, కోసేశారు. ఆజ్ఞలు మోసే నరాలను ముట్టుకోలేదు. కోతి ఆ చేతిని వాడటం మానేసింది, పక్షవాతం వచ్చినట్టే వేలాడేసింది. దశాబ్దాల తర్వాత అమెరికాలో ఎడ్వర్డ్ టాబ్ అలాంటి కోతులకే మంచి చేతిని కట్టేసి చూశాడు. గత్యంతరం లేక కోతులు ఆ చేతినే వాడటం మొదలుపెట్టాయి! అంటే ఆ చెయ్యి కదల్లేక కాదు. మొదటి రోజుల్లో ప్రయత్నించిన ప్రతిసారీ విఫలమై, ‘ఇది పనికిరాదు’ అని నేర్చేసుకున్నాయి. మనుషుల్లో కూడా ఇదే చూస్తాం. గ్లాసు నాలుగుసార్లు పడితే ఐదోసారికి ఎడమచెయ్యి ముందుకొస్తుంది. నెల తిరిగేసరికి కుడిచెయ్యి ఒళ్లో కూర్చుండిపోతుంది.

ఆ పరిశోధన నుంచే మంచి చేతికి తొడుగు వేసి, దెబ్బతిన్న చేతితో పనులు చేయించే చికిత్స పుట్టింది. పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మందితో అమెరికాలో చేసిన పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. రెండు వారాలు ఇలా చేయించినవాళ్లలో చేతి వాడకం మిగతావాళ్ల కంటే బాగా మెరుగైంది, ఏడాది తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. మీ నాన్నగారు సరిగ్గా ఆ గడువులోనే ఉన్నారు. అయితే ఇది అందరికీ కాదు. మణికట్టునూ వేళ్లనూ వాటంతటవి కొద్దిగానైనా పైకి లేపగలగాలి. నడకలో తూలేవారైతే మంచి చెయ్యి కట్టేయడం ప్రమాదం. ఇంట్లో సొంతంగా మొదలుపెట్టకండి, ఆయన్ని చూస్తున్న ఫిజియోథెరపిస్టును ‘ఈ చికిత్స నాన్నగారికి సరిపోతుందా’ అని అడగండి.

నా తొలి ఏళ్లలో ఒక పెద్దాయనకు అచ్చం ఇదే సమస్య. నేను ఆరు వారాలు బలం కోసం వ్యాయామాలు చేయించాను. పట్టు బలం కొలిచే పరికరంలో అంకె పెరిగింది, నేను సంతోషపడ్డాను. ఆయన మాత్రం చొక్కా గుండీ పెట్టుకోలేకపోయారు. సీనియర్ ఒకావిడ వచ్చి, ఆయన కళ్లు మూయించి, బొటనవేలిని రెండు పక్కలా పట్టుకుని పైకీ కిందికీ కదిపి ‘ఎటు వెళ్తోంది’ అని అడిగారు. పదిసార్లలో సగం తప్పు చెప్పారు, అంటే ఊహించి చెప్పినట్టే. ఆరు వారాల్లో నేను చేయని పరీక్ష అది, రెండు నిమిషాల పని. ఆ రోజు నుంచి ఏ చేతినీ ఆ పరీక్ష లేకుండా చూడలేదు.

మీరూ అదే చేసి చూడొచ్చు. వేలిని పైనుంచీ కిందినుంచీ పట్టుకోకండి, ఒత్తిడిని బట్టి కనిపెట్టేస్తారు, పక్కల నుంచే పట్టుకోండి. ముందు మంచి చేతికి చేసి ఆట అర్థమయ్యేలా చూపించండి. తర్వాత కళ్లు మూసుకుంటే కుడి అరచేతిలో తాళంచెవి, నాణెం, చెంచా, దూది ఒక్కొక్కటిగా పెట్టి ఏమిటో చెప్పమనండి. తప్పులు ఎక్కువొస్తే ఆ సంగతి రాసుకుని డాక్టరుకూ ఫిజియోథెరపిస్టుకూ చెప్పండి. స్కాన్‌లో స్పర్శకు సంబంధించిన భాగం దెబ్బతిందా అన్నది వాళ్లు చూసి చెబుతారు.

సాధన గురించి. ఇదే పరీక్షను ఆటగా మార్చండి. కళ్లు మూసి ఊహించాలి, తెరిచి చూసుకోవాలి, మళ్లీ మూసి పట్టుకోవాలి. తప్పు చెప్పాక కళ్లతో సరిచూసుకునే ఆ క్షణం ముఖ్యం, కొత్తగా కుదుర్చుకోవడానికి మెదడుకు అప్పుడే వీలు చిక్కుతుంది. గరుకు, నునుపు, మెత్తన, గట్టి వస్తువులు మార్చి మార్చి ఇవ్వండి. గ్లాసుకు మొదట్లో రబ్బరు బ్యాండ్లు చుట్టండి, గరుకుదనం వల్ల జారడం తగ్గుతుంది, వచ్చే కొద్దిపాటి కబురూ స్పష్టంగా వస్తుంది. గాజుది వద్దు, ప్లాస్టిక్‌దే, సగం నీళ్లతో. చూస్తూ పట్టుకోవడం, రెండు సెకన్లు చూపు తిప్పి మళ్లీ చూడటం, తర్వాత ఐదు సెకన్లు, ఇలా పెంచుకుంటూ పోండి. పక్కన ఎవరూ మాట్లాడించవద్దు, ఆయన ధ్యాసంతా ఇప్పుడు దాని మీదే ఉండాలి.

బంతి పూర్తిగా మానేయమనను, కానీ ఒకే బంతిని ఒకే తీరుగా వందసార్లు నొక్కడంలో మెదడుకు నేర్చుకోవడానికి కొత్తగా ఏమీ దొరకదు. 1920ల్లో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టెయిన్ సుత్తి కొట్టే పనివాళ్లను వరసగా ఫొటోలు తీసి చూశాడు. చేయి తిరిగినవాడి సుత్తి ప్రతిసారీ సరైన చోటే పడుతోంది, కానీ భుజం, మోచెయ్యి, మణికట్టు కదిలిన తీరు ఏ రెండు దెబ్బలకూ ఒకేలా లేదు. నైపుణ్యం అంటే ఒకే కదలికను అచ్చు గుద్దినట్టు తిరిగి చేయడం కాదని ఆయన చెప్పాడు, ప్రతిసారీ అదే సమస్యను కొత్తగా పరిష్కరించడం అన్నాడు. తలుపు గడియ తీయడం, బట్టలు మడతపెట్టడం, పేజీ తిప్పడం, సీసా మూత తిప్పడం – ఇవన్నీ బంతి కంటే మేలు. రోజుకు ఒకేసారి గంటసేపు కాకుండా, పదిహేను నిమిషాల చొప్పున మూడు నాలుగుసార్లు చేయించండి. త్వరత్వరగా కోలుకునేది మొదటి మూడు నెలల్లోనే అన్నమాట నిజమే, కానీ ఆ తర్వాత తలుపులు మూసుకుపోవు. ఏడాది దాటాక కూడా గుండీ పెట్టుకోవడం నేర్చుకున్నవాళ్లు నాకు తెలుసు. పూర్తిగా మామూలు అవుతుందని మాత్రం మాట ఇవ్వలేను, ఎవరూ ఇవ్వకూడదు.

మూడు జాగ్రత్తలు. స్పర్శ తగ్గిన చెయ్యి వేడిని కూడా సరిగా చెప్పకపోవచ్చు. స్నానం నీళ్లు, స్టవ్ దగ్గరి గిన్నెలు ఎప్పుడూ ఎడమచేత్తోనే చూసుకోమనండి. రాత్రి పడుకున్నప్పుడు ఆ చెయ్యి ఒంటి కింద నలిగిపోయినా ఆయనకు తెలియదు, భుజం కింద దిండు పెట్టి ఒకసారి చూసి వెళ్లండి. లేపేటప్పుడు, కూర్చోబెట్టేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగవద్దు, భుజం కీలు జారుతుంది. నడుము దగ్గర పట్టుకుని లేపండి.

బొటనవేలి పరీక్షలో పదింటికి ఎన్ని సరిగా చెప్పారో, మణికట్టు తనంతట తాను ఎంత లేస్తోందో ఇక్కడే రాయండి. దాన్నిబట్టి మొదట ఏ వస్తువులతో మొదలుపెట్టాలో చెబుతాను.